సొరలలో సాధువులు

కోస్తా తీరమందలి ఒక పల్లెనుండి శ్రోత యొకరు మాకు ఉత్తరము వ్రాసిరి. వారి రేవులో ఒకనాటి తెల్లవారుజామున బస్సంత చేప యొకటి వలలో చిక్కి ఒడ్డునకు వచ్చినదట. ఒంటినిండ తెల్లని చుక్కలు. తెరచిన నోటిలో మనిషి పట్టునంత వెడల్పు. చూడవచ్చినవారిలో కొందరు తిమింగల మనిరి; కొందరు సొర యనిరి. సొర యను మాట చెవినిబడగానే తల్లులు పిల్లలను వెనుకకు లాగికొనిరి. ఒకరు పసుపు కుంకుమలు తెచ్చిరి. మరియొకరు గొడ్డలి తెచ్చిరి. ఈ తగవు తేలునప్పటికి పోటు తీసిపోయినది. చేప ఇసుకమీదనే ప్రాణము విడిచినది. “ఇంతకును అది యేమి? మనుష్యులను తినునదేనా? మేము చేసినది తప్పా?” అని వారు మమ్ము అడిగిరి.

ఈ మూడు ప్రశ్నలలో మొదటిదానికి సమాధానము దొరకినచో మిగిలిన రెండును తమంతట తామే తేలును. పేరు తెలియని ప్రాణికి న్యాయము చేయుట కష్టము. కనుక నేటి ప్రసంగమున మేము పెట్టుకొన్న పని ఒక్కటే: సముద్రమున మిక్కిలి పెద్దవై, మిక్కిలి చిన్న తిండి తిని బ్రతుకు సొరలను ఎట్లు గుర్తింపవలెనో చెప్పుట. రేడియోలో బొమ్మ చూపు వీలు లేదు. అందుచేత చెవితో విని, కంటితో పోల్చుకొనదగిన గుర్తులనే చెప్పెదము. అవి నాలుగు: నోరు, మొప్పలు, తోక, చర్మము.

సొర యనగానే మన మనస్సులో మెదలునది కత్తులవంటి దంతములు, నెత్తురు పసిగట్టి వచ్చు వేటగాని రూపము. ఇంతవరకు శాస్త్రజ్ఞులు గుర్తించిన సొరజాతులు 500కు మించి యున్నవి. వానిలో మనుష్యునకు అపాయము కలిగింపగలవి వ్రేళ్లమీద లెక్కింపదగినవి మాత్రమే. విచిత్రమేమనగా, సొరలలోనే కాక లోకమందలి చేపలన్నిటిలోను పెద్దవైన మొదటి రెండును ఈ అపాయకరమైన జాబితాలో లేవు. ఆ రెండింటికిని కాటు వేయుట తెలియదు. నీటిని వడగట్టి బ్రతుకును. సముద్రపు లోతులలో దాగియుండి, మొన్నమొన్నటివరకు మనుష్యుని కంటబడని మూడవది యొకటి కలదు. వడపోతతో జీవించు సొరలు ఈ మూడే.

అవి వడగట్టునది దేనిని? ప్లవకములను. ప్లవన మనగా తేలుట. సముద్రజలములో ఎదురీదు శక్తి లేక, ప్రవాహము ఎటు తీసికొనిపోయిన అటు పోవు చిన్న ప్రాణులకును, సూక్ష్మమైన మొక్కలకును కలిపి ఈ పేరు పెట్టిరి. చీమతలకాయంత రొయ్యజాతి జీవులు, చేపల గ్రుడ్లు, పీతల పిల్లలు మొదలైన వన్నియు ఇందులో చేరును. ఒక్కొక్కటి చూడబోయిన లెక్కకు రానిది. కాని రాశిగా చూచినచో సముద్రమందలి ధాన్యపు కొట్టు ఇదే.

ఇంత చిన్న తిండితో అంత పెద్ద శరీరము ఎట్లు పెరుగునని సందేహము కలుగవచ్చును. సమాధానము మన బజారులోనే కలదు. రైతువద్దనుండి గింజ పలువురు దళారుల చేతులు మారి మనయింటికి వచ్చుసరికి, ప్రతి చేతియందును కొంత తరుగు పడును. సముద్రమునందును అంతే. ప్లవకమును చిన్న చేప తినును. దానిని నడిమి చేప, దానిని పెద్ద చేప తినును. ప్రతి మెట్టునందును ఆహారశక్తిలో అధికభాగము ఖర్చైపోయి, కొద్ది భాగమే పై మెట్టునకు చేరును. దళారుల నందరిని దాటి నేరుగా కొట్టుకే పోవు ప్రాణికి సరుకు పుష్కలము. భూమిపై పుట్టిన ప్రాణులన్నిటిలోను పెద్దదైన నీలి తిమింగలము కూడ ఈ మార్గమునే పట్టినది.

తిమింగలము మాట వచ్చినది గనుక, ఒడ్డుమీద జరిగిన తగవును ముందుగా తీర్చెదము. మన పూర్వులు తిమి యను మహామత్స్యమును, దానిని మ్రింగు తిమింగిలమును, ఆ తిమింగిలమునే మ్రింగు తిమింగిలగిలమును ఊహించిరి. వారి లెక్కలో ఇవన్నియు చేపలే. నేటి శాస్త్రము ప్రకారము తిమింగలము చేప కాదు. ఆవువలె పిల్లకు పాలిచ్చును. మనవలె ఊపిరితిత్తులతో గాలి పీల్చును. అందుకై మాటిమాటికి నీటిపైకి రావలెను. సొర నిజమైన చేప. మొప్పలతో నీటినుండియే ప్రాణవాయువును గ్రహించును. ఈ భేదమును కనుగొనుటకు కోసి చూడనక్కరలేదు. తోక చూచిన చాలును. తిమింగలపు తోక చాపవలె అడ్డముగా పరచియుండును. ఈదునప్పుడు క్రిందికిని మీదికిని కొట్టును. సొర తోక నిలువుగా నిలిచియుండును, అటునిటు కొట్టును. అదియుగాక, తల వెనుక ప్రక్కకు అయిదు చీలికలున్నచో అది సొర. తిమింగలమునకు అట్టి చీలికలు ఉండవు.

సొర యని తేలిన పిమ్మట మూడింటిలో ఏది యని చూడవలెను. మొదటిది మన సముద్రములలో తిరుగునది. ఆంగ్లమున దీనిని వేల్ షార్క్ అందురు. మనము తిమింగల సొర యనవచ్చును. తిమింగలమంత పెద్దదగుటచే ఆ పేరు వచ్చినదే కాని, దానికిని తిమింగలమునకును బంధుత్వము లేదు. లోకములో ఇంతకు మించిన చేప లేదు. 18 మీటర్ల వరకు, అనగా సుమారు 60 అడుగుల వరకు పెరిగినట్లు లెక్కలు కలవు. సాధారణముగా కనబడునవి అందులో సగముండును.

దీనిని గుర్తించుట మూడింటిలోను సులభము. మొదటి గుర్తు నోరు. తక్కిన సొరలలో పెక్కింటికి నోరు ముట్టె క్రింద, పొట్టవైపు ఉండగా, దీనికి ముఖమునకు సరిగా ఎదుట, అడ్డముగా, చీరపెట్టె మూత తెరచినట్లుండును. తల బల్లపరుపు. రెండవ గుర్తు చర్మము. ముదురు బూడిదరంగు వీపుపై తెల్లని చుక్కలు, చుక్కల వరుసల నడుమ లేతగీతలు, అచ్చముగా సంక్రాంతినాటి వాకిలి ముగ్గువలె నుండును. ప్రక్కలయందు తలనుండి తోకవైపు పొడవున మూడేసి గట్లు తేలియుండును. ఈ ముగ్గు మరి యే మహాసొరకును లేదు. చుక్కలు కనబడినచో సందేహింప నక్కరలేదు.

ఈ చుక్కలలో మరియొక మర్మమున్నది. మన వ్రేలిముద్రలవలె ఏ రెండు తిమింగల సొరల చుక్కలును ఒక్కరీతిగా ఉండవు. ఆకాశమందలి నక్షత్రముల చిత్రములను ఒకదానితో ఒకటి సరిపోల్చుటకై ఖగోళశాస్త్రజ్ఞులు కల్పించిన గణితపద్ధతినే 2005లో శాస్త్రజ్ఞులు ఈ చేపల చుక్కలకు అన్వయించిరి. ఎడమ ప్రక్కన, మొప్ప చీలికలకు వెనుక, ప్రక్కరెక్కకు పైనున్న భాగమును ఫోటో తీసినచో, ఇది ఎన్నడో మరియొక తీరమున కనబడిన చేపయేనా, క్రొత్తదా యని గణనయంత్రము చెప్పగలదు. మన చేతిలోని ఫోనుతో తీసిన చిత్రము కూడ ఇందుకు పనికివచ్చును.

ఈ చేపకు మొదట శాస్త్రీయనామ మిచ్చినవాడు ఆండ్రూ స్మిత్ అను వైద్యుడు. 1828లో దక్షిణాఫ్రికాలోని టేబుల్ అఖాతమున ఈటెతో పొడిచి పట్టిన యొక చేపను చూచి ఆయన దానిని వర్ణించెను. అది నాలుగున్నర మీటర్లది, అనగా ఆ జాతిలో చిన్నపిల్ల. దాని నోటిలో దంతములు లేకపోలేదు, వేలకొలది కలవు. కాని ఒక్కొక్కటి బియ్యపుగింజకన్న చిన్నది. తిండికి వానితో పనిలేదు. పనియంతయు గొంతులోని జల్లెడది. నోటిలోనికి వచ్చిన నీరు మొప్పలగుండ బయటికి పోవుచుండగా, దారిలో మెత్తని తడికలవంటివి అడ్డుపడి తిండిని నిలుపును. మెక్సికోలోని యూకతాన్ తీరమున జరిగిన పరిశోధనయందు, 6 మీటర్ల పొడవు గల సొర గంటకు సుమారు 600 ఘనపు మీటర్ల నీటిని వడగట్టునని శాస్త్రజ్ఞులు 2010లో లెక్కగట్టిరి. నీటి ఉపరితలమునందు దినమునకు ఏడెనిమిది గంటలు ఇదే పని. జల్లెడ మూసికొనిపోయినప్పుడు మనవలె దగ్గి శుభ్రపరచుకొనును. ఇట్టి గొంతులో మనిషి పోవుటకు దారి లేదు. పోవలెనన్న కోరిక ఆ చేపకును లేదు.

రెండవది చల్లని సముద్రములది. ఆంగ్లమున బాస్కింగ్ షార్క్, అనగా ఎండ కాగు సొర. వేసవిలో నీటిపైకి వచ్చి మెల్లగా తేలుచుండుటచే ఆ పేరు వచ్చినది. నిజమునకు అది ఎండకై రాదు. ఎండవేళ నీటిపైన దట్టమగు ప్లవకములకై వచ్చును. నార్వేలోని ట్రాండ్‌హైమ్ నగరమున బిషప్పుగా నుండిన గున్నరస్ అను పండితుడు 1765లో దీనికి శాస్త్రీయనామ మిచ్చెను. 12 మీటర్ల వరకు పెరిగినట్లు తెలియుచున్నది. చేపలలో రెండవ స్థానము దీనిదే. ఐర్లండు, స్కాట్లండు, నార్వే, న్యూఇంగ్లండు, కెనడా, జపాను, న్యూజిలాండు తీరములందు కనబడును.

దీని ముఖ్యమైన గుర్తు మొప్పలు. అయిదు చీలికలును మెడను హారములవలె చుట్టి, పైన వీపునుండి క్రింద గొంతువరకు దిగియుండును. తల తెగిపడునేమో యనిపించునంత పెద్ద చీలికలు మరి యే సొరకును లేవు. ముట్టె మొన దేరియుండును. నోరు దాని క్రింద నుండును. తోక అర్ధచంద్రాకారము. రంగు బూడిదయో గోధుమయో. చుక్కల ముగ్గు ఉండదు. తిండి తినునప్పుడు నోరు గుహవలె తెరచి, తెరచిన నోటితోనే మెల్లగా ముందునకు సాగును. తిమింగల సొర నీటిని పీల్చుకొనగలదు. అవసరమైనచో నిలువుగా నిలిచి గ్రుక్కలు మ్రింగగలదు. ఎండ కాగు సొరకు పీల్చు నేర్పు లేదు. ఈదుట మానినచో తిండి ఆగిపోవును. నీటిపై దూరమునుండి చూచువారికి దాని ముట్టె చివర, వీపు రెక్క, తోక చివర మూడును ఒక వరుసలో తేలియుండును. ఇట్టివి రెండు మూడు ఒకదానివెంట ఒకటి పోవునప్పుడు నావికులు పొడవైన సముద్రసర్పమని భ్రమించుటలో ఆశ్చర్యము లేదు.

భ్రమ ఇంతటితో ఆగలేదు. ఈ సొర చచ్చి కుళ్లినప్పుడు మొట్టమొదట ఊడిపడునవి దవడలును, మొప్పల చట్రమును. అవి పోగా మిగులునది చిన్న పుర్రె, దాని వెనుక సన్నని పొడుగాటి వెన్ను. చూచువారికి పొడుగుమెడ గల ప్రాచీనకాలపు జలరాక్షసమువలె తోచును. 1808లో స్కాట్లండునకు ఉత్తరమున ఆర్క్‌నీ ద్వీపములలోని స్ట్రాన్సే యందు కొట్టుకొనివచ్చిన కళేబరమును ఎడింబరో పండితులు క్రొత్త సముద్రసర్పముగా నెంచి పేరు కూడ పెట్టిరి. లండనులోని ఎవరార్డ్ హోమ్ దాని వెన్నుపూసలను పరీక్షించి, ఇది ఎండ కాగు సొరయే యని తేల్చెను. 1977 ఏప్రిల్‌లో న్యూజిలాండు తీరమునకు దూరముగా జూయో మారు అను జపాను మరపడవ వలలో 10 మీటర్ల కుళ్లిన కళేబరము పడినది. కోట్లయేండ్ల క్రిందట నశించిన ప్లీసియోసారను సరీసృపము బ్రతికి యున్నదని లోకమంతట కలకలము పుట్టినది. ఆ కళేబరమును వారు మరల సముద్రములో పడవేసిరి. కాని రెక్కనుండి తీసి దాచిన నారపోగులను పరీక్షించగా, వాని నిర్మాణము ఎండ కాగు సొర నారలతో సరిపోయినది. నూట డెబ్బది యేండ్ల యెడముతో అదే పొరపాటు, అదే సమాధానము!

ఇంకొక పొరపాటు నవ్వుకొనదగినది కాదు. కెనడా పడమటి తీరమున ఈ సొరలు సాల్మన్ చేపలకై పన్నిన వలలలో చిక్కి వానిని చింపివేయుచుండెను. వలలు పోయిన జాలరుల కష్టము నిజమైనదే. దానికి విరుగుడుగా ప్రభుత్వ మత్స్యశాఖవారు 1949లో ఈ చేపను నాశకప్రాణుల పట్టికలో చేర్చిరి. 1955లో ఒక నౌక ముందుభాగమున పదునైన కత్తి నమర్చి, నీటిపై తేలుచున్న సొరలను నిలువున చీల్చసాగిరి. 1969 వరకు ఆ ఒక్క నౌకయే 400కు పైగా సొరలను చంపినది. నీటిపై కదలక మెదలక తిండి తినుచున్న ప్రాణిని పరుగెత్తు నౌకతో కొట్టుట కష్టమైన పని కాదు. నేడు ఆ తీరమున ఎండ కాగు సొర కనబడుటయే అపురూపము. 2010లో అదే దేశము దానిని అంతరించుచున్న జాతిగా చట్టములో చేర్చినది. ఐర్లండులోని ఆకిల్ ద్వీపమున కాలేయపు నూనెకై 1947 మొదలు 1975 వరకు 12,000కు మించి పట్టిరి. మొదటి యేండ్లలో ఏటికి వేయికి మించి దొరకినవి. క్రమముగా వందలకును, పదులకును దిగినవి. పట్టువారి నేర్పు తగ్గలేదు. పట్టుటకు చేపలే తగ్గినవి.

శీతకాలమున ఈ సొరలు ఎక్కడికి పోవునో చిరకాలము తెలియలేదు. ఆ కాలమున దొరకిన కొన్నింటికి మొప్పలలోని దువ్వెనలవంటి వడపోత ముండ్లు రాలిపోయి యుండుట చూచి, తిండి మాని సముద్రగర్భమున నిద్రించునని 1954లో ఇరువురు శాస్త్రజ్ఞులు ఊహించిరి. ఆ ఊహ నిలువలేదు. అమెరికాలోని న్యూఇంగ్లండు తీరమున కొన్నింటికి ఉపగ్రహములకు వార్త పంపు పరికరములను తగిల్చి చూడగా, అవి కరిబియన్ సముద్రమును దాటి బ్రెజిల్ వరకు పోవుచున్నవని 2009లో వెల్లడియైనది. ఉష్ణమండలమును దాటునప్పుడు 200 మొదలు 1,000 మీటర్ల లోతున చల్లని నీటిలో వారములకొలది సాగును. దీనినిబట్టి ఒక సూత్రము చెప్పవచ్చును: వెచ్చని నీటిపై తిరుగాడు మహాసొర కనబడినచో అది సాధారణముగా తిమింగల సొర, చల్లని నీటిపై కనబడినచో ఎండ కాగు సొర. సముద్రపు వేడిమి కూడ ఒక గుర్తే.

మూడవదాని కథ చిత్రమైనది. 1976 నవంబరు 15వ తేదీన హవాయి ద్వీపములలోని ఒవాహూ సమీపమున అమెరికా నౌకాదళపు పరిశోధన నౌక యొకటి లంగరుగా నీటిలోనికి విడిచిన పారాషూటును పైకి లాగినది. దానిలో చిక్కుకొని నాలుగున్నర మీటర్ల సొర యొకటి వచ్చినది. అంతకు పూర్వ మట్టి చేపను చూచినట్లు శాస్త్రములో ఎక్కడను లేదు. మనుష్యుడు చంద్రునిపై అడుగుపెట్టిన ఏడేండ్లకు గాని ఇంత పెద్ద ప్రాణి సముద్రములో నున్నదని తెలియలేదు! 1983లో దీనికి శాస్త్రీయనామ మిచ్చిరి. వాడుకలో మెగామౌత్, అనగా పెనునోటి సొర. రెండవది దొరకుటకు 1984 వరకు ఆగవలసివచ్చినది. ఇప్పటికిని లెక్కకు వచ్చినవి కొన్ని వందలు మాత్రమే. వానిలో పెక్కు తైవాను, ఫిలిప్పీన్సు, జపాను ప్రాంతములవి. 1988లో పశ్చిమ ఆస్ట్రేలియా తీరమున ఒకటి కొట్టుకొనివచ్చుటతో హిందూమహాసముద్రమునందు కూడ ఇది యున్నదని తెలిసినది.

దీని గుర్తు తల. ఉబ్బిన పెద్ద తల, గుండ్రని ముట్టె, ముట్టె కొననుండి కన్నులను దాటి వెనుకకు పోవు నోరు. మెత్తని, వదులైన శరీరము. వీపు నలుపు, పొట్ట తెలుపు. వీపుపై చుక్కల ముగ్గు లేదు. మొప్ప చీలికలు మామూలు పరిమాణమే; మెడను చుట్టవు. తోక పై భాగము మిక్కిలి పొడవు. పై పెదవి క్రింద తెల్లని పట్టె యొకటి యుండి, నోరు ముందునకు చాచినప్పుడు మెరయును. చీకటిలో ఆ నోరు తానే వెలుగునిచ్చి తిండిని పిలుచునని కొందరు తలచిరి. 2020లో జరిగిన పరిశోధన దానికి స్వయముగా వెలుగు లేదనియు, పడిన వెలుగునే తిరుగగొట్టుననియు చూపినది. 1990లో కాలిఫోర్నియాలో ఒకదానికి పరికరము తగిల్చి రెండు దినములు వెంబడించగా, పగలు 150 మీటర్ల ప్రాంతమునను, రాత్రి 20 మీటర్ల ప్రాంతమునను తిరిగినది. పగలు లోతునకు దిగి రాత్రి పైకి వచ్చు చిన్న రొయ్యజీవుల వెంట అదియు పోవుచున్నదన్నమాట. మనకు ఇన్నేండ్లు కనబడకపోవుటకు కారణము ఇదియే కావచ్చును.

ఇప్పుడు నాలుగు గుర్తులను కూర్చి చెప్పెదము. నిలువు తోక, మెడప్రక్క చీలికలు: సొర. చుక్కల ముగ్గు, బల్లపరుపు తల, ముఖమునకు ఎదుటనే నోరు: తిమింగల సొర. మెడచుట్టు మొప్పల హారములు, మొనదేరిన ముట్టె, అర్ధచంద్రాకారపు తోక: ఎండ కాగు సొర. ఉబ్బిన తల, కన్నులు దాటిన నోరు, పొడుగైన పై తోక: పెనునోటి సొర. మన తీరమునకు వచ్చునది సాధారణముగా మొదటిదే గనుక, శ్రోతలు ఒక్క చుక్కల గుర్తును మరువకున్న చాలును.

ఇదియంతయు పండితుల వినోదము కాదనుటకు గుజరాతు తీరమే సాక్షి. సౌరాష్ట్రమున వెరావలు మొదలగు రేవులలో పూర్వము ఈ చేప కాలేయపు నూనెను పడవలకు పూసెడివారు. 1990 తరువాత దాని మాంసమునకును, రెక్కలకును విదేశములలో ధర పలుకుటతో వేట పెచ్చుపెరిగినది. మైక్ పాండే అనువారు ఆ వేటను చలనచిత్రముగా తీసి లోకమునకు చూపిరి. 2001లో భారతప్రభుత్వము తిమింగల సొరను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములోని మొదటి షెడ్యూలున చేర్చినది. అనగా చట్టము దృష్టిలో పులికెంత రక్షణయో దీనికిని అంత రక్షణ. చేపలలో ఆ స్థానము మొదట పొందినది ఇదియే.

చట్టము వచ్చినంతమాత్రమున జాలరి వల మారదు. వల తెగిన నష్టము జాలరిది. పుణ్యము లోకమునది యన్నచో అది న్యాయము కాదు. 2004లో అక్కడ ఆరంభమైన ఉద్యమము ఈ చిక్కును గుర్తించినది. రామకథా ప్రవచనకారులైన మొరారి బాపు ఈ చేపను పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డతో పోల్చి, వ్హాలీ, అనగా ప్రియమైనది యని పిలిచిరి. ఆడబిడ్డను ఎవరు చంపుదురు? చేపను విడుచుటకై వల కోసికొన్న జాలరికి నష్టపరిహార మిచ్చు ఏర్పాటు కూడ జరిగినది. నాడు ఈటెలతో వేటాడిన ఆ తీరముననే నేటివరకు వందలకొలది తిమింగల సొరలను వలలు కోసి విడిచిపెట్టిరి.

మన తీరమునను ఇట్టిది జరిగినది. 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నము సమీపమున తంతడి ఒడ్డునకు వచ్చి ఇసుకలో చిక్కిన తిమింగల సొరను అటవీశాఖవారును, మత్స్యకారులును, వన్యప్రాణి సంరక్షకులును కలిసి మరల లోతునీటికి చేర్చిరి. అది తిమింగల సొరయని సకాలమున గుర్తించిన వారుండుటచేతనే ఆ పని సాధ్యమైనది.

ఒక్క చేప పోయిన ఏమి యని కొందరనవచ్చును. 1995లో తైవానులో పట్టుబడిన యొక ఆడ తిమింగల సొర గర్భమున 300 పిల్లలుండుట చూచి, ఇది విరివిగా పెరుగు జాతియని తోచవచ్చును. కాని ఆ పిల్లలలో పెరిగి పెద్దవగునవి మిక్కిలి తక్కువ. అవియు పిల్లలను కనుటకు రెండు మూడు దశాబ్దములు పట్టును. 1950, 60 దశకములందు జరిగిన అణ్వస్త్ర పరీక్షలవలన సముద్రములో కలిసిన కర్బనపు జాడ వీని వెన్నుపూసల వలయములలో నిలిచియున్నది. దాని ఆధారమున లెక్కించగా ఒక చేప వయస్సు 50 ఏండ్లని 2020లో తేలినది. మన తండ్రులు యువకులుగా నున్నప్పుడు పుట్టిన చేపను మనము ఒక ఉదయమున పోగొట్టుకొనవచ్చును. దాని చోటు నిండుటకు మన మనుమల కాలము రావలెను.

కాబట్టి ఒడ్డున నుండువారికి మా మనవి యిది. చుక్కల చేప వలలో పడినచో దానిని ఒడ్డునకు లాగవలదు. నీటిలో నుండగనే వల కోయుడు. ఇసుకలో చిక్కినచో మొప్పలు నీటినుండి బయటపడకుండ చూడుడు. నీరు లేనిచో దానికి ఊపిరి లేదు, నేలమీద దాని బరువే దానిని నలుపును. మీద ఎక్కుట, రెక్కలు పట్టి లాగుట మానుడు. అటవీశాఖవారికిని, మత్స్యశాఖవారికిని వెంటనే వార్త పంపుడు. వీలైనచో ఎడమ ప్రక్క చుక్కలను ఫోటో తీసి వారికి ఇయ్యుడు. పోటు తీయకముందే చేయదగిన పనులివి.

ఉత్తరము వ్రాసిన శ్రోతకు మా సమాధానము. మీరు చూచినది తిమింగలము కాదు, తిమింగల సొర. అది మనుష్యులను తినదు, తినలేదు. మూడవ ప్రశ్నకు ఏమి చెప్పుదుము? తెలియక తగవులాడుకొన్నవారిని నిందింప మేమెవరము? కాని నేటినుండి ఆ ఊరివారికి ఆ చేప పేరు తెలియును. మరల ఎన్నడైన ఆ చుక్కలు రేవులో కనబడిన నాడు పసుపు కుంకుమలకును, గొడ్డలికిని ముందుగా వల కోయు కత్తి ఒడ్డునకు రావలెనని మా కోరిక.